నెలకు రెండుసార్లు

నాకు నోరెక్కువని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆధార్ కార్డు చూపించినా తిప్పి తిప్పి చూసే బస్సు కండక్టరుతో, నల్లా దగ్గర తమ బిందెను ముందుకు జరుపుకునేవాళ్లతో, కొలతలు తామే తప్పు చెప్పి జాకెట్టు బిగుతైందని అరిచేవాళ్లతో, అందరితోనూ నాకు పేచీయే. తాండూరులో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తాను నేను. రోజూ ఊరి నుంచి బస్సులో పోయి వస్తాను. అలాంటిదాన్ని, మా బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కొన్ని నెలలు నోరు కుట్టేసుకుని బతికాను. ఎవరైనా మామూలుగా "మంచిగున్నవా" అని పలకరించినా ఉలిక్కిపడేదాన్ని.

బడులు తెరిచిన కొత్త. బయట ముసురు. నేను టిఫిను సర్దుకుంటుంటే బాత్రూం తలుపు సందులోంచి మా బిడ్డ పిలిచింది.

"అమ్మా, జర ఇటు రా."

పోయి చూశాను. అది లంగా చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో బెదురేమీ లేదు. సైన్సు మేడమ్ క్లాసులో చెప్పిందట, అంతా ముందే తెలుసట.

"అయింది అమ్మా," అంది, మార్కులు చెప్పినంత మామూలుగా.

భయపడాల్సింది పిల్ల. భయపడింది నేను. ఏం కాదు బిడ్డా అని తల నిమరాల్సిన సమయంలో నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "ఎవ్వలకు చెప్పకు. నాయినమ్మకు అసలే చెప్పకు."

"ఎందుకే? గిది రోగం కాదని మేడమ్ చెప్పింది."

"రోగమైతే చెప్పుకోవచ్చు బిడ్డా," అన్నాను.

మా మాటల్లో ఒక తమాషా ఉంది. మగవాడు పెద్దమనిషి కావాలంటే నెత్తి నెరవాలి, నాలుగెకరాలుండాలి, పదిమంది తగాదాలు తీర్చాలి. ఆడపిల్ల ఒక్క పూటలో పెద్దమనిషి అయిపోతుంది. మగవాడు పెద్దమనిషి అయితే నలుగురిలో కూర్చోబెడతారు. ఆడపిల్ల అయితే మూలకు కూర్చోబెడతారు. నన్నూ కూర్చోబెట్టారు, తొమ్మిదో తరగతిలో. కొత్త చాప వేసి, నువ్వులు బెల్లం పెట్టి, మెడలో దండ వేసి ఊరందరినీ పిలిచారు. చుట్టాలంతా తిని పోయాక, సోమవారం బడికి పోతానని నేనంటే మా అమ్మ వింతగా చూసింది. లెక్కల్లో నేను మంచిగా ఉండేదాన్ని. ఆ లెక్కలే ఇప్పుడు జాకెట్లకు పనికొస్తున్నాయి.

మా బిడ్డ సంగతి ఇంకా ముందే ఖాయమై ఉంది. అది తొట్టెలలో ఉన్నప్పుడే మా అత్తమ్మ తన కూతురికి, అంటే కుల్కచర్ల దిక్కు ఇచ్చిన మా ఆడబిడ్డకు మాట ఇచ్చింది, ఈ పిల్ల నీ ఇంటికేనని. మా ఆడబిడ్డ కొడుకు అప్పటికే బడికి పోతున్నాడు. ఇప్పుడు సరుకులు మోసే డీసీఎం బండి నడుపుతున్నాడు. పిలగాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టడానికైనా నాకు వీలుండేది. మా ఆడబిడ్డ ఎప్పుడొచ్చినా గడపలోనే అడిగేది, "నా కోడలు ఇంక పెద్దమనిషి కాలేదా?" అని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే పోలీసులొస్తారని ఇప్పుడు అందరికీ తెలుసు. అందుకని పెళ్లి చెయ్యరు. మాట ఖాయం చేసుకుంటారు, ఎందుకొచ్చిన తిప్పలని బడి మానిపిస్తారు, ఇంట్లో పెట్టుకుని ఏళ్లు నిండేదాకా ఎదురుచూస్తారు. పిల్లను ఇంట్లో పెట్టుకున్నారని ఏ పోలీసూ రాడు. అదీ నా భయం. అది పెద్దమనిషి అయిందన్న మాట మా ఇంటి గడప దాటిన రోజే దాని బడి అయిపోతుంది.

మొదటి నెల ఎలాగో గట్టెక్కాం. రెండో నెల దొరికిపోయేవాళ్లమే. నేనూ బిడ్డా ఒకే మంచంలో పడుకుంటాం. పొద్దున్నే అత్తమ్మ ఉతకడానికి దుప్పటి లాగి, మరక చూసి ఆగిపోయింది.

"గిదెవలిదే?"

"నాదే అత్తమ్మా," అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోరే అనేసింది.

"మొన్ననే గద తలకు పోసుకుంటివి."

"ఏమో, మల్ల అయింది."

అంతే. ఆ ఒక్క మాటతో నేను బయటున్నట్టే లెక్క. మా ఇంట్లో బయటున్న ఆడది వంటింట్లోకి రాదు, దేవుని అర్రలోకి పోదు, వసారాలో విడిగా చాప, విడిగా పళ్లెం. నాకు ఏమీ లేకుండానే ఆ మూడు రోజులూ వసారాలో కూర్చున్నాను. లోపల నా బిడ్డ, నిజంగా బయట ఉండాల్సిన పిల్ల, అన్నం వండింది. సాయంత్రం అత్తమ్మ దాన్నే పిలిచింది.

"మీయమ్మ ఇంట్ల లేదు గద. దీపం నువ్వే ముట్టియ్యి బిడ్డా."

అది వసారాలో ఉన్న నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఇవన్నీ ఉత్తవేనని బస్సులో పక్క సీటు వాళ్లకు ఎన్నోసార్లు చెప్పినదాన్ని నేనే. కానీ ఆ పిల్ల అగ్గిపుల్ల గీస్తుంటే నేను చెంపలేసుకున్నాను. ఆ వారంలో అత్తమ్మకు జ్వరం వచ్చింది. వానకు తడిసి వచ్చిన జ్వరమని నాకు తెలుసు. అయినా జ్వరం దిగేదాకా లోలోపల దేవునికి దండాలు పెడుతూనే ఉన్నాను, పిల్ల తప్పు కాదు, చేయించింది నేను, నన్నే అనుకో అని.

తర్వాత అదే పద్ధతైంది. నాకు అయినప్పుడు ఒకసారి, దానికి అయినప్పుడు ఒకసారి, నెలకు రెండుసార్లు వసారాలో కూర్చున్నాను. ప్యాడ్లు తాండూరు నుంచి తెచ్చేదాన్ని. మెడికల్ షాపువాళ్లు పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇస్తారు, ఎవరికీ తెలియకూడదని. ఆ నల్ల కవరు చూస్తేనే అందరికీ తెలుస్తుంది. లేదా కూర అనుకుంటారు, ఎందుకంటే చికెన్ సెంటరు వాళ్లూ నల్ల కవర్లోనే ఇస్తారు కదా. ఒక శనివారం నేను బస్సు దిగి ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అత్తమ్మ ఎదురుగా ఉంది. శనివారం మా ఇంట్లో నీసు ముట్టరు.

"శనివారం పూట నీసు తెచ్చినవా?" అంది, కవరు చూసి.

ప్యాడ్లని చెబితే, ఎందుకు, మొన్ననే తెచ్చుకుంటివి గదా అంటుంది. "దుకాణంల అమ్మగారు ఇచ్చింది అత్తమ్మా, వద్దంటె బాగుండదని తెచ్చిన," అన్నాను.

"ఇంట్లకు తేకు. బయట పెట్టు, రేపు వండుదువు."

బాత్రూం రేకుల మీద పెట్టాను. అందరూ లోపలికి పోయాక బిడ్డ దాన్ని తీసి పుస్తకాల సంచిలో దాచింది. ఆదివారం పొద్దున మా ఆయన ఉల్లిగడ్డలు కోసుకుని కూర్చున్నాడు, కూర ఏదని. పిల్లి ఎత్తుకపోయిందని చెప్పాను. ఆయన ఊరి పిల్లులన్నిటినీ పేరుపేరునా తిట్టాడు. బిడ్డకు నవ్వు ఆగలేదు, దగ్గు వచ్చినట్టు నటిస్తూ పెరట్లోకి పోయింది. ఆ నెలల్లో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంట్లో ఇలా నెట్టుకొచ్చినా బడిలో నా చెయ్యి సాగదు. తారీఖు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. బడి బాత్రూంకు గొళ్లెం లేదు, ఒక పిల్ల లోపలుంటే ఇంకో పిల్ల తలుపు పట్టుకోవాలి. స్నేహితురాళ్లకు చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను కాబట్టి అది పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా అలాగే ఉంచుకునేది. ఒకరోజు చున్నీ నడుముకు చుట్టుకుని, గోడ వెంట గోడ వెంట నడుస్తూ ఇంటికొచ్చింది. ఎవరన్నా చూశారా అనే అడిగాను. ఎట్లున్నది అని అడగలేదు. భయం మనిషిని అలా చేస్తుంది.

ఇంతలో నేను ఊహించనిది వచ్చి పడింది. అత్తమ్మకు నా మీద బెంగ పట్టుకుంది.

"నెలకు రెండుమాట్లు బయటుండుడేందే? గర్భసంచి ఖరాబైనట్టున్నది. మా చెల్లెకు గిట్లనే అయితుండె. తీసేపిచ్చుకున్నది, ఇప్పుడు మస్తుగ పనికి పోతున్నది."

నాకేం లేదని ఎంత చెప్పినా వినలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి నాకు గర్భసంచి రోగమని వాడ మొత్తానికి తెలిసిపోయింది. కొడుకుతో కూడా చెప్పింది. మా ఆయన కరణ్‌కోట దిక్కు నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పనిచేస్తాడు, ఒక్క రోజు నాగా పెట్టాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషి. అలాంటివాడు పని మాని నన్ను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయాడు.

అదొక ప్రైవేటు దవాఖాన. డాక్టరు ఎన్ని రోజులకోసారి అవుతుందని అడిగితే మా ఆయనే చెప్పాడు, "నెలకు రెండుమాట్లు మేడమ్," అని. నేను పక్కన దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన్ని బయట కూర్చోమంటారేమో, అప్పుడు చెబుదామని చూశాను. ఎవరూ అనలేదు. అన్నా చెప్పేదాన్నేనా? ఈ గోడల మధ్య చెప్పిన మాట ఇక్కడే ఆగుతుందని నాకెవరు పూచీ? స్కాన్ తీశారు. సంచి గోడ మందంగా ఉందన్నారు, పిల్లలు ఇంక వద్దనుకుంటే తీసేయించుకోవడం నయమన్నారు. మందులు రాసి, దసరా తర్వాత రమ్మన్నారు.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. నాకు ఏ రోగమూ లేదు, నా కడుపు కోస్తారట. నిజం చెబితే కోత తప్పుతుంది, పిల్ల బడి పోతుంది. రైల్లో మా ఆయన పల్లీలు కొని నా ఒళ్లో పోశాడు.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. "నేనున్న గద. ఆపరేషన్ అయినంక కొన్ని నెలలు పనికి పోకు. అన్ని నేను చూస్కుంట."

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. భయానికి ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరాడు.

ఇంటికొచ్చాక బిడ్డ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. చెప్పకుండా ఉండలేకపోయాను.

"నా కోసం నీ కడుపు కోపిచ్చుకుంటవా?"

"కోపిచ్చుకోనే. ఏదో ఒకటి చెప్త."

"ఏం చెప్తవ్?"

మందులతో తగ్గిందని చెప్పాలి. అలా చెప్పాలంటే ఇక నుంచి నెలకు ఒక్కసారే బయటుండాలి. అంటే పిల్ల రోజులు ఇంట్లో ఎవరి కంటా పడకూడదు, దాని కోసం నేను నల్ల కవరు మొయ్యకూడదు.

సరిగ్గా అప్పుడే బడికి పెట్టెల నిండా ప్యాడ్లు వచ్చాయని తెలిసింది. ఆడపిల్లలకు బడిలోనే ఉచితంగా ఇస్తారట. ఆ మాట విన్నప్పుడు చాలా రోజుల తర్వాత నాకు ఊపిరాడింది. బడిలోనే ఇచ్చి, బడిలోనే మార్చుకుని, బడిలోనే పారేసే వీలుంటే మాకు సగం గండం గడిచినట్టే. కానీ పెట్టెలు హెడ్మాస్టరు గదిలోనే ఉండిపోయాయి. ఊళ్లో కొందరు వద్దన్నారట. తల్లిదండ్రులందరినీ పిలిచి మీటింగు పెట్టి తేలుస్తామన్నారు.

ఆ రోజు కరెంటు లేక పాలిష్ యూనిట్ బందు. మా ఆయనా వచ్చాడు, మగవాళ్ల వైపు కూర్చున్నాడు. బడి వరండాలో ఒకపక్క కుర్చీల మీద మగవాళ్లు, ఒకపక్క కింద చాపల మీద మేము. ఎనిమిదో తరగతి ఆడపిల్లలను చాయ్ అందించడానికి పెట్టారు. వాళ్లలో నా బిడ్డ కూడా ఉంది.

మొదట ఊరి పెద్దమనిషి ఒకాయన లేచాడు. పంచాయితీలన్నీ ఆయనే చేస్తాడు. "బడి అంటె సరస్వతి ఉండే జాగ. గీ పెట్టెలు తెచ్చి గాడ పెడ్తమంటె ఎట్ల? మా అవ్వలు బట్ట కట్టుకోలేదా? ఎవలన్న చచ్చిండ్రా?"

"చచ్చిన్రో బతికిన్రో నీకెవలన్న చెప్పిండ్రా కాకా?" అని చాపల మీద నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ఒక తండ్రి, మగపిల్లలు చూస్తారు, ఆడపిల్లలకు సిగ్గు పోతుందన్నాడు. ఇంకొకాయన, ఉచితంగా ఇచ్చుడు అలవాటు చేసి రేపు బంద్ చేస్తే ఎవరు కొనిస్తారన్నాడు. అది అంత తీసిపారేసే మాట కాదనిపించింది నాకు. మా పక్కింటి ముస్లిం ఆమె, ఆమె కూతురు తొమ్మిదిలో ఉంది, కొంగు సర్దుకుని లేచింది. "భాయ్, మా పాప నెల నెలా నాగాలు పెడ్తది. పరీక్ష ఉన్నా పోదు. జర సోంచాయించుండ్రి. ముందుగాల బాత్రూంకు గొళ్లెం పెట్టుండ్రి, తర్వాత సిగ్గు గురించి మాట్లాడుండ్రి." సైన్సు మేడమ్ ఒక్కతే చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఆమె వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి, ఊరివాళ్లతో పెట్టుకోవాలంటే ఆమెకూ జంకే.

చివరికి పెద్దమనిషి రాజీకి వచ్చాడు. మెత్తగా, అందరికీ నచ్చేటట్టు చెప్పాడు. "సరే, ఇయ్యుండ్రి. కాదంటలేను. కాని అయిన పిల్లలకే ఇయ్యుండ్రి. ఎవలికి అయిందో మేడమ్ అడిగి అరుసుకొని, ఇండ్లల్ల చెప్పి ఇయ్యాలె. మా పిల్లల సంగతి మాకు తెలవద్దా?"

అందరూ తలలూపారు. చాపల మీద కూడా. నా పక్కనున్న వాళ్లు కూడా, గది న్యాయమే అన్నారు. మేడమ్ అడుగుతుంది, నా బిడ్డ కాలేదని అబద్ధం చెప్పి ఆ ప్యాడ్లు వదులుకోవాలి, లేదంటే అయిందని చెప్పాలి, ఆ సాయంత్రమే మా అత్తమ్మకు కబురొస్తుంది. ఏ పెట్టెల వల్ల బతికిపోతామనుకున్నానో ఆ పెట్టెలే మమ్మల్ని పట్టిచ్చేటట్టున్నాయి.

లేచాను. కొంగు నడుముకు చుట్టుకున్నాను. "ఎవలికి అయింది, ఎవలికి కాలేదు మీకెందుకు?" అన్నాను. "ఆరో తరగతి కాన్నుంచి ఆడపిల్లలందరికి ఇయ్యుండ్రి. అడగొద్దు. ఇండ్లల్ల చెప్పొద్దు. అయినోళ్లు వాడుకుంటరు, కానోళ్లు దాచుకుంటరు."

"నీ బిడ్డ ఇంక కాలేదు గద," అన్నాడు పెద్దమనిషి. "నీకెందుకమ్మా గింత తొందర?"

వెనక నుంచి ఒకామె అందుకుంది. "ఆమెకే కావాలె కాకా. పాపం, నెలకు రెండుమాట్లాయె. దసరా అయితె ఆపరేషన్."

ఆడవాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మేం ఒకరినొకరు అలాగే అనుకుంటాం. మా ఆయన మొహం ఎర్రబడింది. "కూసోవే," అన్నాడు. "నీ పానమే మంచిగ లేదు."

కూర్చోబోతున్నాను. మగవాళ్ల కుర్చీల దగ్గర చాయ్ పళ్లెంతో నిలబడ్డ నా బిడ్డ అక్కడి నుంచే అంది, "మా అమ్మకేం కాలేదు."

"పెద్దమనుషులు మాట్లాడుతుండ్రు బిడ్డా," అన్నాడు ఊరి పెద్దమనిషి, కోపం లేకుండానే. "నువ్వు లోపటికి పో."

"నేను గూడ అయిన," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. దాని నోరు మూయడానికి చాపల మీద కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ పరిగెత్తాను. నేను చేరేలోపే చెప్పేసింది. పళ్లెంలో గ్లాసులు గలగలలాడుతున్నాయి, అది ఏడుస్తోంది, తండ్రి వైపు తిరిగి మాట్లాడుతోంది.

"నెలకు రెండోమాటు మా అమ్మది కాదు నాయినా. నాది. వానలు పడ్డప్పటి సంది నాదే. అమ్మకు ఆపరేషన్ వద్దు నాయినా."

మగవాళ్లు నేల చూశారు. మేడమ్ వచ్చి దాని చేతిలోంచి పళ్లెం తీసుకుంది. మా ఆయన లేచాడు, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగాడు, బండి చప్పుడు దూరమైంది. పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, "అందరికి ఇయ్యుండ్రి సార్, ఇంకేం అడగకుండ్రి," అని వెళ్లిపోయాడు. నేను లేచి అడిగింది నాకు దక్కింది. కానీ అప్పుడు అది నా చెవికెక్కనే లేదు. బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టాను.

మేం చేరేసరికి ఎవరో ఫోనులో అత్తమ్మకు అంతా చెప్పేశారు. గడపలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"దానితోటి దీపం ముట్టిపిచ్చినవ్ గదనే," అంది నన్ను చూసి. "అన్ని నెలలు దాని చేతి అన్నం తిన్న."

"ఏం కాలేదు గద నాయినమ్మా," అంది బిడ్డ, ఇంకా ఎక్కిళ్లు పెడుతూ.

అత్తమ్మ దాన్ని దగ్గరికి పిలిచి మొహం తుడిచింది. ప్రేమే, అందులో అబద్ధం లేదు. తుడిచిన చేత్తోనే ఫోను తీసి కూతురికి చేసింది. ఫోన్లో మా ఆడబిడ్డ గొంతు ఇల్లంతా వినబడింది. "అయిందా నా కోడలు? రేపే వస్తనే అమ్మా. చీర తీసి పెట్టిన ఎప్పుడో. ఇగ బడి గిడి ఎందుకు, నలుగురిల మాట అనుకుందం."

నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే మా ఆయన లోపలికొచ్చాడు. అంతా వింటూనే వచ్చినట్టున్నాడు. తల్లి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అక్కా, జర ఆగు," అన్నాడు. "పది కానియ్యి."

అవతల ఏదేదో అంది. "పది కానియ్యి అంటున్న గద," అని మళ్లీ అని, ఫోను తల్లి ఒళ్లో పెట్టి నా వైపు తిరిగాడు. "రేపు దవాఖానకు ఫోన్ చేస్త, వద్దని." అంతకు మించి ఆ రోజు నాతో మాట్లాడలేదు. అన్ని నెలలు తనకు చెప్పలేదన్న బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది.

ఆ పూట గుండెల మీది బండ దిగినట్టు ఏడ్చాను. బడి పోలేదు, నా కడుపు కోయలేదు. మర్నాడు బిడ్డకు జడలు వేసి పంపాను. గేటు దాకా పోయి వచ్చి గిన్నెలు తోముతుంటే అప్పుడు తట్టింది. ఆగమన్నాడు. వద్దనలేదు.

ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. పది అయినాక ఏంది అని. ఊరందరినీ అడిగేదాన్ని, కట్టుకున్నవాణ్ని అడగలేకపోతున్నాను. అడిగితే ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది ఆయనకు. ఆ జవాబు ఏమిటోనని భయం.

బడిలో ఇప్పుడు ఆరో తరగతి నుంచి అందరికీ ఇస్తున్నారు, ఎవరినీ ఏమీ అడగరు. బాత్రూంకు గొళ్లెం కూడా పెట్టారు. మా బిడ్డకు నాగాల్లేవు. ఈ జూన్‌లో పదో తరగతికి వచ్చింది, లెక్కల్లో క్లాసు ఫస్టు. మొన్న మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. అందరినీ బాగున్నారా అని అడిగింది. పిల్ల ఎట్ల చదువుతున్నదని అడగలేదు. పరీక్షలు ఎప్పుడు అయిపోతాయని అడిగింది.